పాత డెస్క్‌టాప్‌లో పీఎస్2 (ప్లేస్టేషన్ 2) గేములు స్మూత్‌గా ఆడతాయా, లేక డబ్బులు దండగేనా?

గుంటూరు_కుర్రాడు:
అందరికీ నమస్తే. నేనుండేది బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో. పోయిన నెల కంప్యూటర్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్‌లో ఒక ఆఫీసు వాళ్ళు తీసేసిన డెస్క్‌టాప్ కొన్నా, ఐ5-3470 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు. ఊళ్ళో మా పీఎస్2 ఆన్ అవుతుంది గానీ లెన్స్ పోయింది, డిస్కులు మాత్రం అమ్మ బిస్కెట్ల డబ్బాలో పెట్టి ఇన్నేళ్ళూ దాచింది, సంక్రాంతికి వెళ్ళినప్పుడు తెచ్చుకున్నా, బయోస్ (కన్సోల్‌ని స్టార్ట్ చేసే సాఫ్ట్‌వేర్) కూడా ఆ కన్సోల్లోంచే తీసుకున్నా. పీసీని పీఎస్2లా నడిపించే ఎమ్యులేటర్ పీసీఎస్ఎక్స్2 వేసి ఆడుతుంటే కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా చిన్న కుదుపు, ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములో) 50 దాటట్లేదు, పావుగంట అయ్యాక అది కూడా పడిపోయి సౌండ్ గరగరలాడుతోంది. రూమ్మేటేమో పాత సిస్టమ్ వల్ల ఎమ్యులేషన్ కాదు అంటాడు, అమ్మిన షాపాయనేమో ర్యామ్ 16 చేయించుకో అంటాడు. ఎవరి మాట వినాలో చెప్పండి, చేతిలో డబ్బులు పెద్దగా లేవు.

వైట్‌ఫీల్డ్_డెవ్:
మీ రూమ్మేట్ చెప్పిందే కరెక్ట్ బ్రో. నా దగ్గర సెలెరాన్ ఎన్3350 లాప్‌టాప్ ఉండేది, 2016లో వచ్చిన చిప్, అంటే మీ దానికంటే నాలుగేళ్ళు కొత్తది, అయినా పీఎస్2 గేమ్ ఒక్కటి కూడా సరిగ్గా ఆడలేదు, సెట్టింగులు మార్చుకుంటూ ఎన్ని శనివారాలు పోగొట్టుకున్నానో నాకే తెలుసు. ఉన్నది అమ్మేసి కొంచెం కొంచెం దాచుకుని కొత్తది కొనండి. పాతదాని మీద పెట్టే ప్రతి రూపాయీ బూడిదలో పోసిన పన్నీరే.

రిపేర్_అన్న:
డెవ్ గారూ, మీరు చెప్పిన ఉదాహరణే మీ మాటకి అడ్డం తిరుగుతోంది చూడండి. మీ సెలెరాన్ బేస్ స్పీడు 1.1 గిగాహెర్ట్జ్, ఎంత ఎగదోసినా 2.4. ఈ తమ్ముడి ఐ5 2012దే, కానీ 3.2తో మొదలై టర్బోలో 3.6 దాకా వెళ్తుంది, పైగా ఒక్కో క్లాక్‌లో అది చేసే పని కూడా ఎక్కువ. ఎమ్యులేటర్‌కి చిప్ పుట్టిన సంవత్సరంతో పని లేదు, ఒక్క కోర్ ఎంత వేగంగా పరిగెడుతుందన్నదే లెక్క.

ఎందుకో చెప్తా. పీఎస్2లో అసలు ప్రాసెసర్ స్పీడు 294 మెగాహెర్ట్జే, ర్యామ్ 32 ఎంబీ. అంత చిన్నదానికి 3 గిగాహెర్ట్జ్ ఎందుకు చాలదని అందరూ అడుగుతారు. మన ఇంటి ఓనర్ కన్నడంలో మాట్లాడుతుంటే పక్కన ఒకడు కూర్చుని ప్రతి ముక్కా తెలుగులోకి తిప్పి చెప్తున్నాడనుకోండి, ఎమ్యులేటర్ చేసేది అదే పని. ఒకసారి తిప్పిన ముక్కని దాచిపెట్టుకుని మళ్ళీ వాడుకుంటుంది కాబట్టి కొంత నయం. కానీ ఆ డబ్బాలో మాట్లాడేది ఒక్కడు కాదు, మెయిన్ ప్రాసెసరు, దాని పక్కన త్రీడీ లెక్కలు చేసే రెండు వెక్టర్ యూనిట్లు, గ్రాఫిక్స్ చిప్పు, డిస్కూ ప్యాడూ చూసుకునే ఇంకో చిన్న ప్రాసెసరు, వీళ్ళంతా ఒకరి కోసం ఒకరు ఆగుతూ నడుస్తారు. ఆ ఆగడం తప్పించలేం కాబట్టే పనిని పది కోర్లకి పంచలేం, పీసీఎస్ఎక్స్2 గట్టిగా వాడుకునేది మూడు కోర్లే, అందులోనూ బరువంతా ఒకదాని మీదే. ఇదంతా 60 ఫ్రేముల గేమ్ అయితే ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లలో అయిపోవాలి. 32 ఎంబీ యంత్రాన్ని నకలు చేయడానికి 8 జీబీ బోలెడు, షాపాయన మాట పక్కన పెట్టు తమ్ముడూ.

ఇక నీ ఇబ్బంది ఒకటి కాదు, రెండు. మన ఇండియాలో అమ్మిన పీఎస్2 డిస్కులు పాల్ అనే టీవీ పద్ధతివి, అంటే సెకనుకి 50 ఫ్రేములే. 50 కనిపిస్తోందంటే ఫుల్ స్పీడ్‌లోనే ఉన్నట్టు, ఎఫ్‌పీఎస్ కాదు, పక్కనుండే స్పీడు శాతం చూడు, 100 ఉంటే చాలు. నీ మానిటర్ 60 సార్లు రిఫ్రెష్ అవుతుంది కాబట్టి ప్రతి ఐదు ఫ్రేముల్లో ఒకటి రెండుసార్లు కనపడుతుంది, కెమెరా తిరిగేటప్పటి కుదుపు అదే. ఎంత ఖరీదైన సిస్టమ్ కొన్నా 60 హెర్ట్జ్ మానిటర్ మీద అది ఉంటుంది. కొన్ని పాల్ గేములు మొదట్లోనే 50ఆ 60ఆ అని అడుగుతాయి, 60 కొట్టు. పావుగంట తర్వాత వచ్చేది మాత్రం వేడి. కేబినెట్ విప్పి చూడు.

బీటీఎం_అక్క:
పీఎస్2 సంగతి నాకు తెలీదు గానీ మా ఇంట్లో కోర్ 2 డుయో ఉంది, దాంట్లో రెట్రోఆర్క్ అనే ఎమ్యులేటర్ యాప్ పెట్టి మా బాబుకి పీఎస్1, సూపర్ నింటెండో గేములు పెడతాను, ఒక్కసారి కూడా ఆగలేదు. పీఎస్1 ప్రాసెసర్ 33 మెగాహెర్ట్జే కదా. ఏ కన్సోల్ అని అడక్కుండా పాతదాని వల్ల కాదు అనడం నాకు నచ్చలేదు.

వేళచేరి_వాసి:
చెన్నై నుంచి. వేడి సంగతి అన్న నూటికి నూరు పాళ్ళు నిజం చెప్పారు. నా లాప్‌టాప్ డిసెంబర్‌లో బ్రహ్మాండంగా ఆడిన గేమునే మేలో మధ్యాహ్నం పూట ఇరవై నిమిషాలు కూడా ఆడలేకపోయింది, చిప్ తనని తాను కాపాడుకోడానికి స్పీడు తగ్గించేస్తుంది, మనమేమో ఎమ్యులేటర్‌ని తిట్టుకుంటాం. బెంగళూరు వాళ్ళు చెప్పే రిజల్ట్స్ చూసి చెన్నైలో కొనకండి.

ఇంకో మాట, ఎవరైనా వచ్చి పీసీఎస్ఎక్స్2లో ఈఈ సైకిల్ స్కిప్ అనే సెట్టింగ్ పెట్టుకో అంటారు, దయచేసి వినకండి. అది పెడితే శాతం 100 చూపిస్తుంది, కానీ కన్సోల్ చేయాల్సిన పనిలో కొంత ఎగ్గొట్టి చూపించే 100 అది. ఫైటింగ్ గేమ్‌లో బటన్ నొక్కిన ఫ్రేముకి దెబ్బ పడకపోతే స్మూత్ అని ఎలా అంటాం?

రిపేర్_అన్న:
సైకిల్ స్కిప్ విషయంలో ఒప్పుకుంటా, కానీ ఎంటీవీయూ అనే సెట్టింగ్ అలాంటిది కాదు, అది ఎగ్గొట్టదు, ఒక వెక్టర్ యూనిట్ పనిని వేరే కోర్‌కి ఇస్తుందంతే. నాలుగు కోర్లున్నవాళ్ళు అది ఆన్‌లోనే ఉంచుకోవాలి.

గుంటూరు_కుర్రాడు:
నిన్న ఆదివారం విప్పాను. ఫ్యాన్ కింద రెక్కల మధ్య దుమ్ము ఎంత పేరుకుందంటే గోటితో లాగితే దుప్పటి ముక్కలా ఒకే పొరగా ఊడొచ్చింది. ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్ట్ ఎండిపోయి సున్నం పెచ్చులా రాలుతోంది. స్పిరిట్‌తో తుడిచి కొత్త పేస్ట్ బఠాణీ గింజంత పెట్టి బిగించా. ముందు ఆడేటప్పుడు టెంపరేచర్ 95 దాటేది, ఇప్పుడు గంటన్నర ఆడినా 70 దగ్గరే ఉంది, సౌండ్ శుభ్రంగా ఉంది, శాతం 100 కదల్లేదు. ఇంటర్నల్ రిజల్యూషన్ మాత్రం నేటివ్‌లోనే, అంటే పీఎస్2 అసలు సైజులోనే ఉంచాను, పెంచితే ఆ లోపలి గ్రాఫిక్స్ తట్టుకోలేకపోతోంది. ఫైటింగ్ గేమ్ 60 అడిగింది, పెట్టాను, కుదుపు పోయింది. షాడో ఆఫ్ ద కొలోసస్ మాత్రం పెద్ద రాక్షసుడు వచ్చినప్పుడల్లా 70 శాతానికి పడిపోతోంది అన్నా.

రిపేర్_అన్న:
అది అసలు పీఎస్2 మీదే ఫ్రేములు తప్పేంత బరువైన గేమ్ తమ్ముడూ, కానీ శాతం 70కి పడిపోవడం మాత్రం నీ సిస్టమ్ అందుకోలేకే, దానికోసం బెంగపడకు. ఎప్పుడైనా చేతిలో డబ్బులుంటే సెకండ్‌హ్యాండ్‌లో ఒక జీటీ 1030 గ్రాఫిక్స్ కార్డ్ చూసుకో, రిజల్యూషన్ పెంచుకోవచ్చు. ఆ గేమ్‌కి మాత్రం అదీ పెద్దగా సాయం చేయదు, బరువంతా ప్రాసెసర్ మీదే.

వైట్‌ఫీల్డ్_డెవ్:
సరే, పీఎస్2 వరకు నా మాట తప్పే, నా సెలెరాన్‌ని చూసి అన్నిటినీ ఒకే గాటన కట్టేశాను. కానీ ఇది చదివి ఎవరూ పీఎస్3 కోసం ఇలాంటి పెట్టె కొనొద్దు. దాని సెల్ ప్రాసెసర్‌లో మెయిన్ కోర్ కాక గేములు వాడుకునేవి ఇంకో ఆరు ఉన్నాయి, అక్కడ నాలుగు కోర్ల 2012 చిప్ చేతులెత్తేస్తుంది. ఇంట్లో ఉన్న పాతది వాడుకోవడం వేరు, జేబులోంచి తీసి పాతది కొనడం వేరు, ఆ రెండో దానికి నేనింకా ఒప్పుకోను.

బీటీఎం_అక్క:
కుర్రాడు గారూ, ఆ పేస్ట్ ఎస్పీ రోడ్‌లో ఏ వైపు దొరుకుతుంది? మాది కూడా విప్పి చాలా ఏళ్ళయింది.