అర్థమయ్యే రాతకు అనంతపురంలో బహుమతి పెట్టాలనుంది, సలహా చెప్పండి

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. శెనక్కాయ రైతులు పంటల బీమా కాగితాలు, భూముల నోటీసులు చదివించుకోవడానికి మా దగ్గరికి వస్తుంటారు. మొన్న ఒక పెద్దాయన తెచ్చిన నోటీసు పేజీ పొడవునా ఒకటే వాక్యం. ‘పై విషయమునకు సంబంధించి తెలియజేయునది ఏమనగా’ అని మొదలవుతుంది. అభ్యంతరాలు చెప్పుకోవాల్సిన గడువు మాత్రం అట్టడుగున, ఆఫీసు ముద్ర కింద సగం కనబడకుండా ఉంది. ఆయనకు కావాల్సింది ఆ తేదీ ఒక్కటే!

బ్రిటన్‌లో 1979లో క్రిస్సీ మేహర్ అనే ఆవిడ మొదలుపెట్టిన ప్లెయిన్ ఇంగ్లిష్ క్యాంపెయిన్ అనే సంస్థ గజిబిజి రాతలకు ‘గోల్డెన్ బుల్’ అనే వెక్కిరింపు బహుమతి ఇస్తూ వచ్చింది, బాగా రాసినవాళ్లనూ సత్కరించింది. సర్కారు కాగితాలు అర్థమయ్యేలా రాయాలని అమెరికా 2010లో చట్టమే చేసింది. మన దగ్గర 1966 నుంచి తెలుగు అధికార భాష, అయినా కాగితం చదివిపెట్టడానికి ఇంకో మనిషి కావాల్సి వస్తోంది.

మేం కొందరం కలిసి జిల్లా స్థాయిలో ఇలాంటి రెండు బహుమతులు పెట్టాలనుకుంటున్నాం. రైతులనే జడ్జీలుగా కూర్చోబెట్టాలని నా పట్టుదల. గజిబిజి కాగితాన్ని బయటపెడితే రాసిన గుమాస్తా నొచ్చుకుంటాడేమో. ఆఫీసు పేరు తీసేస్తే సరిపోతుందా? రైతుల ఆధార్, సర్వే నంబర్లు బయటపడకుండా ఏం చేయాలి? ఇలాంటివి నడిపిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.