నిషికసాయ్‌లో 1,18,000 యెన్లా, తోకివదైరాలో 48,000 యెన్లా? తేల్చుకోలేకపోతున్నా

బందరు_కుర్రాడు:
అందరికీ నమస్కారం. టోక్యో వచ్చి నెలన్నర అయ్యింది, ఆఫీసు ఓతేమాచిలో, జీతం కటింగులన్నీ పోను చేతికి 2,30,000 దాకా వస్తుంది. కంపెనీ ఇచ్చిన గది నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. మా ఆవిడ రెండు నెలల్లో డిపెండెంట్ వీసా మీద వస్తోంది, పెళ్లయి ఆరు నెలలే. రెండు ఇళ్లు దొరికాయి. ఒకటి టోక్యోలోనే నిషికసాయ్‌లో 1ఎల్‌డీకే (ఒక బెడ్‌రూమ్, హాలు, వంటిల్లు), స్టేషన్‌కి నడిచి ఎనిమిది నిమిషాలు, అద్దె 1,18,000. షికికిన్ ఒక నెల, రేకిన్ ఒక నెల, ఏజెంట్‌కి ఒక నెల ప్లస్ ట్యాక్స్, గ్యారంటీ కంపెనీకి సగం నెల, ముందు నెల అద్దె, తాళం మార్చడానికి, ఇన్సూరెన్స్‌కి అన్నీ కలిపి చేరేరోజుకే 5,80,000 కట్టమంటున్నారు. రెండోది చిబాలో మత్సుదో సిటీ దగ్గర తోకివదైరా, యూఆర్ అనే ప్రభుత్వ అద్దె ఇళ్ల సంస్థ వాళ్ల పాత దాంచి (అపార్ట్‌మెంట్ల కాలనీ), 2డీకే (రెండు గదులు, భోజనాలకీ చోటున్న వంటిల్లు), నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు, అద్దె 48,000, డిపాజిట్ రెండు నెలలు అంతే. చాలా ప్రశాంతంగా ఉంది, రోడ్డుకి రెండు వైపులా పెద్ద పెద్ద చెట్లు. ఏది తీసుకోమంటారు?

చిబా_సుబ్బు:
తమ్ముడూ ఇందులో ఆలోచించడానికేముంది, కళ్లు మూసుకుని యూఆర్ తీసుకో. నేను అదే దాంచిలో నాలుగేళ్లుగా ఉంటున్నా కాబట్టి చెబుతున్నా. యూఆర్‌లో రేకిన్ లేదు, ఏజెంట్ ఫీజు లేదు, గ్యారంటర్ అక్కర్లేదు, రెండేళ్లకోసారి రెన్యువల్ పేరుతో ఇంకో నెల అద్దె గుంజడం లేదు. రెసిడెన్స్ కార్డు ఉండి, నెల జీతం అద్దెకి నాలుగింతలు ఉంటే చాలు, నీకు 1,92,000 దాటితే సరిపోతుంది, అది నీకుంది. లేకపోయినా ఏడాది అద్దె ముందే కట్టేస్తే ఇస్తారు. నెలకి 70,000 తేడా, రెండేళ్లకి 16,80,000 యెన్లు. ఆ డబ్బు ఊరికే వస్తుందా? ఇంకోటి, రెండో ఏడు జూన్ నుంచి రెసిడెంట్ ట్యాక్స్ మొదలవుతుంది, అప్పుడు చేతికొచ్చేది ఇంకా తగ్గుతుంది, ఈ సంగతి కొత్తవాళ్లకి ఎవరూ ముందు చెప్పరు. ట్రైన్ సంగతంటావా, తోకివదైరా నుంచి మత్సుదో పది పన్నెండు నిమిషాలు, అక్కడ జోబాన్ లోకల్ ఎక్కితే అదే బండి చియోదా లైన్‌లోకి వెళ్లి ఓతేమాచిలో దింపుతుంది. నడకతో కలిపి గంట. పాస్ డబ్బులు కంపెనీయే ఇస్తుంది కదా.

కడప_కిట్టు:
రేకిన్ అంటే ఏంది అన్నా? తిరిగొస్తాదా?

చిబా_సుబ్బు:
రాదు. షికికిన్ అంటే డిపాజిట్, అది ఖాళీ చేసేటప్పుడు రిపేర్లు పోను తిరిగొస్తుంది. రేకిన్ అంటే ఇల్లిచ్చినందుకు ఓనర్‌కి ఇచ్చే దక్షిణ. మనం అద్దె కడుతూ మళ్లీ దక్షిణ ఎందుకివ్వాలో నాకిప్పటికీ అర్థం కాదు.

ఓరుగల్లు_అన్న:
నేను 11 ఏండ్ల సంది నిషికసాయ్‌లనే ఉంటున్న. అద్దె తక్కువున్న మాట నిజమే గాని మనిషికి అద్దె ఒక్కటే లెక్క కాదు. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోతయని భయమున్నప్పుడు మన ఇంజనీర్లు ఈడికొచ్చిన్రు, ఓతేమాచికి తోజాయ్ లైన్ల పదిహేడు నిమిషాలు గనక ఈడనే దిగిన్రు, అట్ల ఊరే తయారైంది. కందిపప్పు, చింతపండు, కరివేపాకు నడిచిపోయి తెచ్చుకోవచ్చు. రేపు పిల్లలు పుడితే ఇండియన్ స్కూల్ ఉన్నది. జ్వరమొస్తే పక్కింటి తలుపు కొట్టొచ్చు. ఇంకొకటి, యూఆర్ అంటే ఆ మారుమూలనే ఉన్నదా? ఈడ దగ్గర్లనే సెయిషిన్‌చోల ఉన్నది, కొజిమాచోల ఉన్నది, ఖాళీలు అడిగి చూడు.

చిబా_సుబ్బు:
అక్కడి యూఆర్‌కీ 48,000కీ సంబంధం లేదు అన్నా, అది కూడా లక్ష దరిదాపుల్లోనే ఉంటుంది. పైగా తోజాయ్ లైన్ సంగతి మీరు చెప్పలేదు. 2019లో కిబా నుంచి మోన్‌జెన్‌నకాచో మధ్య పొద్దున రద్దీ 199 శాతం, దేశంలోకెల్లా ఎక్కువ. పదిహేడు నిమిషాలే కానీ కాలు కింద పెట్టే చోటుండదు.

యోకోహామా_వాసి:
నాలుగో అంతస్తుకి వాషింగ్ మెషీన్, ఫ్రిజ్ ఎక్కించడానికి డెలివరీ వాళ్లు ఎక్స్‌ట్రా అడుగుతారు, అది కూడా లెక్కలో వేసుకోండి.

ఓరుగల్లు_అన్న:
అదే చెప్తున్న. లిఫ్ట్ లేని నాలుగో అంతస్తు. పెండ్లయి ఆర్నెల్లు. రేపు ఆ పిల్ల కడుపుతోని ఉంటే బియ్యం సంచి పట్టుకొని దినానికి ఎన్నిసార్లు ఎక్కుతది? 1960ల కట్టిన బిల్డింగ్ అది, 1981 భూకంపం రూల్స్ రాకముందుది. దాని గురించి ఎవ్వరు మాట్లాడరేంది?

చిబా_సుబ్బు:
అన్నా తెలిసి మాట్లాడండి. ఆ కాలపు అయిదంతస్తుల దాంచీలు స్తంభాల మీద కాదు, మందపాటి కాంక్రీటు గోడల మీదే నిలబడతాయి, 1995 కోబె భూకంపంలో అలాంటివాటికి పెద్దగా దెబ్బ తగల్లేదు. అద్దె చవకని భయపెడుతున్నారు గానీ, అదే వయసున్న ప్రైవేటు చెక్క అపార్ట్‌మెంట్‌లో మనవాళ్లు ఎంతమంది ఉండట్లేదు, అక్కడ పక్కవాడు దగ్గినా వినపడుతుంది.

కడప_కిట్టు:
సుబ్బన్నా, లోపల ఇల్లెట్లుంటాది?

చిబా_సుబ్బు:
బాగా అడిగావు. ఖాళీ డబ్బా ఇస్తారు. నేను దిగిన రోజు సాయంత్రం ఆరింటికి తాళాలు తీసుకుని వెళ్లి స్విచ్ వేస్తే ఏమీ వెలగలేదు, చూస్తే గదుల్లో పైన ప్లగ్గు మాత్రమే ఉంది, లైటు లేదు. స్టవ్ లేదు, ఏసీ లేదు, కర్టెన్లు లేవు. ఫోన్ టార్చి పెట్టుకుని తాతామీ (గడ్డి చాపల నేల) మీద జాకెట్ కప్పుకుని పడుకున్నా. మా ఇంట్లో స్నానాల గదిలో పాత రకం గీజరు, టబ్ పక్కనే అతుక్కుని ఉంటుంది, నాబ్ నొక్కిపట్టి పక్కనున్న హ్యాండిల్ గిరగిరా తిప్పాలి, టక్‌టక్‌మని నిప్పురవ్వ పడి చిన్న కిటికీలో నీలం మంట కనపడాలి, అప్పుడు వదలాలి. మొదటిరోజు ఇరవైసార్లు తిప్పా. ఇప్పుడు రెండోసారికే అంటుకుంటుంది. లైట్లు, రైస్ కుక్కర్, సైకిలు జిమోటీ అని పాత సామాన్లు ఇచ్చే వెబ్‌సైట్‌లో ఉచితంగా తెచ్చుకున్నా.

ఓరుగల్లు_అన్న:
ఉచితంగ తెచ్చుకున్నవ్, మంచిదే. కొత్తగ వచ్చిన ఆడపిల్ల ఆ చీకట్ల ఆ హ్యాండిల్ తిప్పుకుంట కూసుంటదా? ఇంకొక ముచ్చట చెప్పనీకి నాకు ఇష్టం లేకుండె. ఆ తోకివదైరా జపాన్‌ల దేనికి పేరుబడ్డదో అడుగుండ్రి. ఒక పెద్దమనిషి ఇంట్ల సచ్చిపోయి మూడేండ్లకు గాని దొరకలే. అద్దె బ్యాంకు ఖాతల నుంచి దానంతటదే పోతుండె గనక ఎవ్వరికి అనుమానం రాలే, పైసలు అయిపోయినంక తలుపు తెరిస్తే తెలిసింది. గసుంటి ప్రశాంతం మీకు కావాల్నా?

చిబా_సుబ్బు:
ఇది అన్యాయమైన మాట. అది 2000 నాటి సంగతి. దాని తర్వాత ఒంటరి చావులు ఆపాలని మొదట కదిలింది ఆ దాంచి సంఘం వాళ్లే, పెద్దవాళ్లు వచ్చి కూర్చుని కాఫీ తాగడానికి ఒక గది తెరిచారు, దేశమంతా వచ్చి చూసి వెళ్లింది. మా కింద ఇంట్లో ఎనభై ఏళ్ల ముసలావిడ, చెత్త వేసే రోజు నేను తప్పు సంచి పెడితే మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టి, క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఇచ్చింది, మంగళవారం ఇది, శుక్రవారం ఇది అని. చలికాలం వస్తే పెర్సిమన్ పండ్లు తలుపుకి తగిలించి పోతుంది. మీ నిషికసాయ్‌లో మనవాళ్లు ఏం చేశారో నాకు తెలుసు, నన్ను మాట్లాడించకండి.

ఓరుగల్లు_అన్న:
మాట్లాడు. అందరు ఇంటరు.

చిబా_సుబ్బు:
సరే. నేనూ నిషికసాయ్‌లోనే మొదలుపెట్టా, నలుగురం తెలుగువాళ్లం ఒకే ఫ్లాట్. మూడో ఏడు ఉద్యోగం పోయింది. నెల దాటకముందే, రోజూ నా చేతి అన్నం తిన్నవాళ్లే, నీ వాటా ఎవరు కడతారు, ఎప్పుడు ఖాళీ చేస్తావు అని అడిగారు. కాంట్రాక్ట్ వేరేవాడి పేరు మీద ఉంది, నాకు నోరు లేదు. సూట్‌కేస్ పట్టుకుని ఏజెంట్ల చుట్టూ తిరిగా, ఒకచోట ఫోన్ పెట్టేసి విదేశీయులకి ఇవ్వరట అని నా మొహం మీదే చెప్పాడు. ఇది నా ఒక్కడి కథ కాదు, 2017లో జపాన్ న్యాయశాఖ బయటపెట్టిన సర్వేలోనే ఉంది, ఇల్లు వెతుక్కున్న విదేశీయుల్లో 39.3 శాతం మందికి విదేశీయులన్న కారణంతో ఇల్లు ఇవ్వలేదని. ఆ టైమ్‌లో నాకు తలుపు తెరిచింది యూఆర్ ఒక్కటే, అదీ మా నాన్న పంపిన డబ్బుతో ఏడాది అద్దె ముందు కడితే. అందుకే నాకు మనవాళ్లు, మన ఊరు, మన కరివేపాకు అంటే కడుపు మండుతుంది.

ఓరుగల్లు_అన్న:
నీకు అట్ల జరగొద్దుండె తమ్మీ. నాది కూడ విను. 2014ల నేను గూడ పైసలు మిగుల్తయని చిబాల మీకన్న దూరం పోయిన. ఇంటామె ఒక్కతే ఇంట్ల. ఒకరోజు మధ్యాహ్నం కడుపునొప్పితో పడిపోయింది, ఫోన్ చేస్తే నేను మీటింగ్‌ల ఉన్న, చూడలే. పదకొండు మిస్‌డ్ కాల్స్. అంబులెన్స్ కోసం 119కి చేస్తే ఆమెకు జపనీస్ రాక అడ్రస్ చెప్పరాలే. నేను ఇంటికి పోయేటప్పటికి గంటంబావు పట్టింది. బతికింది గాని బిడ్డ నిలువలే. నెల తిరగకముందే నిషికసాయ్‌కి మారిన. 70,000 అని నువ్వు అంటవ్ గాని నాకు ఆ గంటంబావే యాదికొస్తది.

యోకోహామా_వాసి:
అన్నా, చాలా బాధేసింది.

అత్తిలి_అమ్మాయి:
నేను మొదటినుంచి చదువుతున్నా, ఇప్పుడు రాయకుండా ఉండలేకపోయా. మీ ఇద్దరి బాధా నిజమే అన్నయ్యలూ. కానీ ఇన్ని పోస్టుల్లో ఆ అమ్మాయికి ఏం కావాలో ఒక్కరూ అడగలేదు. బందరు తమ్ముడూ, నువ్వు కూడా రాయలేదు. నేను ఇలాగే డిపెండెంట్ వీసా మీద సైతామాలో ఒక మూలకి వచ్చా. మా ఆయన పొద్దున ఏడున్నరకి వెళ్తే రాత్రి తొమ్మిది. సాయంత్రం అయిదు కాగానే స్తంభం మీది మైకులో ఊరంతటికీ పిల్లలు ఇళ్లకి వెళ్లే పాట వస్తుంది కదా, ఆరోజుకి నేను విన్న మొదటి గొంతు అదే అని ఒకరోజు అర్థమై ఏడ్చేశా. అలాగని నిషికసాయ్‌లో ఉండి ఉంటే బాగుండేదా అంటే, అక్కడున్న మా కజిన్‌ని పిల్లలెప్పుడు, నగలేవి, మీవారి ప్యాకేజీ ఎంత అని తినేశారు, తను కిటికీ తెరవడం మానేసింది. నన్ను బయటపడేసింది ఊరు కాదు, బయటికెళ్లే పని. సిటీ వాళ్ల దగ్గర వాలంటీర్లు చెప్పే జపనీస్ క్లాసుకి వారానికి రెండుసార్లు వెళ్లా, ఇమ్మిగ్రేషన్‌లో పర్మిషన్ పెట్టుకుంటే డిపెండెంట్లు వారానికి 28 గంటలు పని చేసుకోవచ్చు, అది పెట్టుకుని ఒక లంచ్‌బాక్స్ ఫ్యాక్టరీలో చేరా. మొదటి జీతం నా పేరుమీద పడ్డాక ఆ అయిదు గంటల పాట నాకు వేరేగా వినపడింది.

చిబా_సుబ్బు:
అక్కా మీరు చెప్పింది ఒప్పుకుంటా. కానీ పని దొరికేదాకా అద్దె ఎవరు కడతారు? 1,18,000 కడితే చేతిలో మిగిలే లక్షా పన్నెండు వేలలో ఇద్దరు బతకాలి, ఇండియాకి పంపాలి, ఆమె క్లాసుకి ట్రైన్ ఎక్కాలన్నా లెక్క చూసుకోవాలి. డబ్బు లేకపోతే ఒంటరితనం రెట్టింపు అవుతుంది, అది నేను పడ్డా.

ఓరుగల్లు_అన్న:
పైసలు లేకుంటే ఎట్లనో గట్ల అప్పు పుడ్తది. మనిషి లేకుంటే పుట్టదు. నేను ఈ మాట మీదనే ఉన్న.

చిబా_సుబ్బు:
నాకు ఉద్యోగం పోయినప్పుడు అప్పు పుట్టలేదు అన్నా. మనుషులున్న చోటే పుట్టలేదు.

బందరు_కుర్రాడు:
అందరికీ థ్యాంక్స్. అత్తిలి అక్క మాట చదివాక సిగ్గేసింది, నిజంగానే నేను అడగలేదు, ఫోటోలు పంపి బాగుందా అన్నానంతే. రాత్రి ఫోన్ చేసి రెండు గంటలు మాట్లాడా, ఓరుగల్లు అన్న రాసింది కూడా చదివి వినిపించా, చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తను అడిగినవి ఇవి. స్టేషన్‌కి సైకిల్ మీద వెళ్లొచ్చా? దగ్గర్లో క్లాసు ఉందా? నువ్వు ఎనిమిదికల్లా ఇంటికి వస్తావా? మూడోదానికి నా దగ్గర జవాబు లేదు, మేనేజర్‌ని అడగాలి. తోకివదైరాలో రెండో అంతస్తు ఒకటి 52,000కి ఖాళీ ఉందట, శనివారం వెళ్లి తనకి వీడియో కాల్‌లో ఇల్లంతా చూపిస్తా. నచ్చకపోతే సెయిషిన్‌చో యూఆర్ కూడా అడుగుతా. సుబ్బన్నా, మీ దగ్గర జపనీస్ క్లాసులు ఎక్కడో తెలుసా?

చిబా_సుబ్బు:
నేను వెళ్లలేదు, కింద ముసలావిడకి తెలుస్తుంది, రేపు అడిగి చెప్తా. శనివారం ఎన్నింటికి వస్తావో చెప్పు, స్టేషన్ దగ్గరికి వస్తా.

ఓరుగల్లు_అన్న:
ఆమె వచ్చినంక ఫస్టు 119కి ఇంటి అడ్రస్ జపనీస్‌ల ఎట్ల చెప్పాల్నో నేర్పియ్యి. రాసి ఫ్రిజ్ మీద అంటియ్యి. ఏ ఊర్ల ఉన్న సరే.

యోకోహామా_వాసి:
సిటీ గ్యాసా, ప్రొపేనా అని కూడా అడుగు, స్టవ్ దానికి తగ్గదే కొనాలి. శనివారం టేపు తీసుకెళ్లి కిటికీ కొలతలు రాసుకో, పాత దాంచి కిటికీలకి రెడీమేడ్ కర్టెన్లు అన్నిసార్లూ సరిపోవు.