దేశభక్తి, దేశాభిమానం: గురజాడ గేయంలో ఒక మాట, వెండితెర మీద మరొక మాట

సమూహ సభ్యులకు విజయనగరం నుంచి నమస్కారం. 'దేశభక్తి చిత్రం' అంటారు గాని 'దేశాభిమాన చిత్రం' అని ఎవరూ ఎందుకు అనరని మొన్న ఒక సభ్యురాలు అడిగారు. ఆ ప్రశ్నను పట్టుకుని గురజాడవారి గేయాన్ని మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చదివితే, బడిలో ఇన్నేళ్లు పిల్లలచేత పాడించి కూడా నేను గమనించని సంగతి ఒకటి కనబడింది. గేయం పేరు 'దేశభక్తి'. లోపలి చరణాలలో మాత్రం 'భక్తి' అన్న మాట ఒక్కచోట కూడా లేదు.

ఎత్తుగడలో 'దేశమును ప్రేమించుమన్నా' అన్నారు. తరువాత 'అభిమానం' రెండుసార్లు వస్తుంది. మొదటిసారి 'దేశాభిమానం నాకు కద్దని వట్టి గొప్పలు చెప్పుకోకోయ్' అని మందలింపుగా వస్తుంది ('కద్దు' అంటే 'ఉన్నది' అని కుర్రవాళ్లకు ఇప్పుడు విడమరచి చెప్పవలసి వస్తోంది). రెండవసారి చిట్టచివరి చరణంలో, ఆకులలో అణగి మణగి పలికే కవిత కోవిల పలుకులు విని దేశమందు అభిమానములు మొలకెత్తాలని కోరుతూ వస్తుంది. తనకు ఉందని చెప్పుకున్న అభిమానాన్ని తోసిపుచ్చిన కవి, కళ విన్నవారిలో దానంతట అది మొలకెత్తే అభిమానాన్ని కోరుకున్నాడు. పైగా 'ఓయ్' అని పిలిచేది చనువున్న సమానుణ్ణే గాని గుడిలో దేవుణ్ణి కాదు.

'అభిమానం' సంస్కృతంలో అంత మంచి మాటేమీ కాదు. సాంఖ్య దర్శన గ్రంథమైన సాంఖ్యకారిక 'అభిమానోఽహంకారః' (అభిమానమే అహంకారం) అంటుంది. 'నేను, నాది' అనుకోవడమే అక్కడి అర్థం. తెలుగులోకి వచ్చాక అది రెండు పాయలుగా చీలింది. 'అభిమానం చంపుకుని అడిగాను' అన్నప్పుడు పౌరుషం, 'మా మీద మీకున్న అభిమానం' అన్నప్పుడు ఆప్యాయత. రెండింటిలోనూ 'నాది' అన్న మూలార్థం ఇంకా బతికే ఉంది. సినిమా నటుల 'అభిమాని' కూడా అలా వచ్చినవాడే. నటుడి సినిమా బాగుండకపోతే అలిగి, తిట్టి, మరుసటి సినిమాకు మొదటి ఆటకే వస్తాడు. భక్తుడు లెక్క అడగడు, అభిమాని అడుగుతాడు అని నేను అనుకుంటున్నాను.

ఈ తేడాతో ఇతర దేశాల సినిమాలను చూస్తే, ఏ సమాజం దేశం నుంచి ఏమి కోరుకుంటోందో కొంత తెలుస్తుంది. 1942 నాటి అమెరికా చిత్రం 'కాసాబ్లాంకా'లో జర్మన్ సైనికుల పాటను ముంచెత్తుతూ జనం పాడేది ఫ్రెంచి జాతీయగీతం. ఆ చిత్రంలోని నటులలో ఐరోపాలో నాజీల బారి నుంచి నిజంగానే ప్రాణాలు దక్కించుకుని వచ్చినవారు ఉన్నారు.

అంతకన్న నన్ను కట్టిపడేసింది 2014 జులైలో దక్షిణ కొరియాలో విడుదలైన 'ద అడ్మిరల్'. 1597లో ఇ సున్-సిన్ అనే నౌకాసేనాని 13 ఓడలతో వందకు పైబడిన జపాను ఓడలను ఎదుర్కొన్న కథ అది. సుమారు 5 కోట్ల జనాభా ఉన్న దేశంలో 1.7 కోట్లకు పైగా టికెట్లు తెగాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే సెవోల్ అనే ఓడ మునిగి, బడిపిల్లలతో సహా 300 మందికి పైగా చనిపోయారు. పిల్లలను లోపలే ఉండమని చెప్పి, ఓడ నాయకుడు ముందుగా బయటపడ్డాడు. మూడు నెలల తరువాత ఓడ వదలని నాయకుడిని చూడడానికి ఆ జనం బారులు తీరారంటే అందులో వింత లేదు. మన చర్చకు పనికివచ్చే మాట కూడా ఆ చిత్రంలో ఉంది. నిన్ను చెరలో వేసి హింసించిన రాజుకు ఇంకా ఎందుకు విధేయుడవై ఉన్నావని కొడుకు అడిగితే, సేనాని విధేయత ప్రజల వైపు ఉండాలని అతడు జవాబిస్తాడు. కొరియాలో ఆ విధేయతకు మాట 'చుంగ్'. రాజభక్తికి వాడుతూ వచ్చిన మాటనే తెచ్చి మనుషుల వైపు తిప్పారు. 'దేశమంటే మట్టికాదోయ్' అని మనం రోజూ పాడుకుంటున్నా, మన తెర మీద కథానాయకుడు గుప్పెడు మట్టి తీసి నుదుట పెట్టుకోవడం మాత్రం మానడు.

ఇది రాసిన సాయంత్రం శ్రీకాకుళం నుంచి ఒక మాస్టారు రెండు అభ్యంతరాలు పంపారు. 'ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు' అని రాముణ్ణే నిలదీసిన రామదాసు భక్తుడు కాడా అన్నది మొదటిది. రెండవది ఇంకా బరువైనది: జర్మన్ యోధులను ఓడించిన రష్యా రాకుమారుడి కథగా సోవియట్ చిత్రం 'అలెగ్జాండర్ నెవ్‌స్కీ' 1938లో వచ్చింది, 1939 ఆగస్టులో జర్మనీతో ఒప్పందం కాగానే ప్రదర్శన ఆగిపోయింది, 1941లో జర్మనీ దాడి చేయగానే మళ్లీ తెరకెక్కింది, అలాంటప్పుడు సినిమాలో కనబడేది ప్రేక్షకుల విలువలా, ఏలికల అవసరమా అని అడిగారు.

మాస్టారూ, మొదటి విషయంలో నేను ఓడిపోయాను. నిందాస్తుతి (తిట్టినట్టుగా పొగడడం) ఉన్న భాషలో భక్తుడు లెక్క అడగడని అనడం నా పొరపాటు. రెండవదానికి మాత్రం పూర్తిగా ఒప్పుకోలేను. ఏ సినిమా ఆడాలో ఏలికలు తేల్చవచ్చు గాని, చూసినవాడు దానిలో దేనిని ఇంటికి పట్టుకెళ్తాడో వాళ్లు తేల్చలేరు. 2018 చివర గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో విడుదలైన మీ జిల్లా మత్స్యకారుల కథ ఆధారంగా 2025లో 'తండేల్' వచ్చింది. తండేల్ అంటే పడవకు పెద్ద. ఇక్కడి హాలులో చెరసాల సన్నివేశాల్లో దేశం పేరు వినబడినప్పుడల్లా ఈలలు మోగాయి. ఒడ్డున ఆడవాళ్లు ఎదురుచూసే సన్నివేశాల్లో కుర్చీ కిర్రుమనడం కూడా వినబడలేదు. ఆట విడిచాక మెట్ల మీద నా ముందు నడుస్తున్న ముసలామె, మనవడి భుజం పట్టుకుని దిగుతూ, "మరిన్నాళ్ల కూలీ మనోళ్లకి ఎవులిచ్చినారు?" అని అడిగింది. మనవడు ఈల వేసినవాళ్లలో ఒకడు. సినిమాలో అది చెప్పలేదన్నాడు. "సెప్పాల గదా" అని ఆమె తరువాతి మెట్టు వెతుక్కుంది.