పిల్లాడి థెరపీ కోసం అమ్మ ఉద్యోగం మానేయాల్సిందేనా?

కూకట్‌పల్లి నాన్న

రెండున్నర, మూడేళ్ల పిల్లలకు ఆటిజం అని తేలిన వారంలోనే ఇంట్లో లేచే ప్రశ్న ఇది. మానేయాల్సిందేనని నా వాదన. కనీసం రెండేళ్లు. లెక్క చూడండి. వారానికి మూడు స్పీచ్ థెరపీ సెషన్లు, మూడు ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, రోజువారీ పనులు నేర్పేది), ఒక్కోటి 45 నిమిషాలు. కలిపితే నాలుగున్నర గంటలు. పిల్లాడు మెలకువగా ఉండేది వారానికి 80 గంటల పైనే. మిగతా సమయమంతా ఇంట్లోనే. సెంటర్లో చెప్పింది ఇంట్లో చేయించే మనిషి లేకపోతే ఆ నాలుగున్నర గంటలకు కట్టిన ఫీజు నీళ్లపాలే. చిన్న వయసు మళ్లీ రాదు.

హనుమకొండ స్పెషల్ ఎడ్యుకేటర్

లెక్క సరిగ్గానే వేశారండీ, కానీ దాని నుంచి వేరే అర్థం వస్తుంది. ఆ 80 గంటలూ బల్ల ముందు కూర్చోబెట్టే గంటలు కావు. స్నానం, బట్టలు, తిండి, పడక, వీధి చివరి దుకాణం దాకా నడక. ఇవన్నీ ఉద్యోగం చేసే ఇంట్లోనూ జరిగేవే. ఇంట్లో చేయించాల్సినది వాటిలో కలిసిపోవాలి. చెంబుతో ఒకసారి నీళ్లు పోసి ఆగండి. పది సెకన్లు చూడండి. వాడు కళ్లెత్తినా, చేయి పట్టి లాగినా, "పో" అన్నా మళ్లీ పోయండి. ఇలాంటివి రోజుకు మూడు నాలుగు చోట్ల, చోటుకు ఐదారు నిమిషాలు. ఎక్కువమంది పొరపడేది ఆ పది సెకన్ల దగ్గరే. ఆగలేక "ఏం కావాలి? నీళ్లా? చెప్పు నాన్నా, నీళ్లు" అని మూడు ప్రశ్నలు గుప్పిస్తారు. ఇక వాడు అడగాల్సిన పని ఏముంది?

ఆటిజం పిల్లలకు వారానికి 40 గంటలు థెరపీ చేయించాలి అని చాలామంది అంటుంటారు. ఆ మాట 1987లో లోవాస్ అనే మనస్తత్వవేత్త అమెరికాలో ప్రచురించిన అధ్యయనం నుంచి పాకింది. అందులో ఆ మోతాదు అందుకున్నది 19 మంది పిల్లలు. గంటల్లో ఎక్కువ భాగం చేయించింది శిక్షణ పొందిన కాలేజీ విద్యార్థులు. ఒక్క తల్లి నెత్తిన 40 గంటలు పెట్టమని అది చెప్పలేదు.

మన దగ్గరి సంగతి కావాలంటే గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ చేసిన 'పాస్' అనే ప్రయోగం ఉంది, తల్లిదండ్రుల చేత చేయించే థెరపీ మీద. ఫలితాలు 2016లో వచ్చాయి. నిపుణులు కాని ఆరోగ్య కార్యకర్తలు తల్లిదండ్రులకు 12 సెషన్లు నేర్పారు, అంతే. పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది.

కూకట్‌పల్లి నాన్న

అదే ప్రయోగంలో తల్లీబిడ్డలు కలిసి ఒకే వస్తువు మీద దృష్టి నిలిపే సమయం తగ్గిందని కూడా చెప్పండి మేడమ్. పైగా అందులో ఉన్నది 65 మంది పిల్లలే. దాన్ని పట్టుకుని "12 సెషన్లు చాలు" అనలేం.

హనుమకొండ స్పెషల్ ఎడ్యుకేటర్

నిజమే, తగ్గింది. చాలు అని నేను అనడం లేదు. ఉద్యోగం మానకుండానే నేర్చుకోగలిగిన పని అంటున్నాను.

విశాఖ అమ్మ

ఇద్దరూ థెరపీ గంటలే లెక్కపెడుతున్నారు. అమ్మల ఉద్యోగాలు ఊడేది థెరపీ వల్ల కాదండీ. రాత్రి రెండింటికి లేచి నాలుగు దాకా గెంతే పిల్లాడి వల్ల, పదకొండింటికి "వచ్చి తీసుకెళ్లండి" అని స్కూలు నుంచి వచ్చే ఫోన్ల వల్ల. రాజీనామా రాసే ముందు ఆ రెండూ చక్కబెట్టి చూడండి.

ముందు నిద్ర. 14 రాత్రులు ఒక కాగితం మీద రాయండి. దీపం ఆర్పింది ఎప్పుడు, నిజంగా పడుకున్నది ఎప్పుడు, లేచింది ఎప్పుడు, పగలు కునుకు ఎక్కడ తీశాడు. చాలా ఇళ్లలో కారణం ఆ కాగితం మీదే దొరుకుతుంది: సాయంత్రం థెరపీ నుంచి వస్తూ ఆటోలో అరగంట నిద్ర. స్లాటు పొద్దున్నకు మార్చుకుంటే సగం సర్దుకుంటుంది. తొమ్మిదికి పడుకోబెడితే పదిన్నరకు గానీ నిద్ర రాదంటే, కొన్నాళ్లు పదిన్నరకే పడక ఎక్కించండి. నిద్ర వెంటనే పట్టడం మొదలయ్యాక నాలుగైదు రోజులకోసారి 15 నిమిషాలు త్వరగా పడుకోబెట్టండి. మలబద్ధకం ఉందేమో, ఐరన్ తక్కువగా ఉందేమో పిల్లల డాక్టరుకు చూపించండి. రెండూ నిద్ర చెడగొడతాయి. మెలటోనిన్ నిద్ర పట్టడానికి పనికొస్తుంది, మధ్యలో లేవడాన్ని పెద్దగా ఆపదు. అదీ డాక్టరు రాస్తేనే. నిద్ర కోసం జలుబు సిరప్ పోసే అలవాటు మాత్రం దయచేసి వద్దు.

స్కూలు ఫోన్లకైతే రాతపూర్వకంగా అడగండి: ఏ పీరియడ్‌లో, దేని తర్వాత, ఎంతసేపు? రెండు వారాల రాత చూస్తే అసెంబ్లీ మైకో, భోజనాల గదిలో గోలో బయటపడుతుంది. ఆ పది నిమిషాలు వేరే గదిలో కూర్చోబెడితే ఆగే గొడవకు రోజూ అమ్మను పిలుస్తున్నారు.

బెజవాడ ఓటీ

సెంటర్ల తరఫున ఒక తప్పు ఒప్పుకుంటాను. తల్లిదండ్రుల్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి తలుపేసుకుంటే వాళ్లు నేర్చుకునేది సున్నా. ప్రతి సెషన్లో చివరి 15 నిమిషాలు లోపల కూర్చుంటామని అడగండి. ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఫోన్లో వీడియో తీసి పంపమనండి. థెరపిస్టు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు ఏదో అడగండి. ఓటీలైతే దాని కిందికి రారు కాబట్టి డిగ్రీ చూపించమనండి. 12 వారాలకు మూడు లక్ష్యాలు కాగితం మీద పెట్టించుకోండి. "కళ్లలోకి చూడటం మెరుగవుతుంది" లాంటివి కాదు, "గ్లాసు చూపించి నీళ్లు అడుగుతాడు, పదిసార్లలో ఏడుసార్లు" లాంటివి. 45 నిమిషాల సెషన్ కోసం రానూపోనూ రెండు గంటలు ట్రాఫిక్‌లో గడిచిపోతుంటే, రెండు సెషన్లు ఒకే రోజుకు కలపమనండి. పిల్లాడు అలిసిపోతే మధ్యలో 20 నిమిషాల విరామం, ఏదైనా తినడానికి.

సెక్రటేరియట్ క్లర్క్

మానేసే ముందు సెలవులు చూసుకోండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు సర్వీసు మొత్తం మీద 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్. మొదటి 365 రోజులు పూర్తి జీతం, తర్వాతి 365కి 80 శాతం. బిడ్డకు వైకల్యం ఉంటే 18 ఏళ్ల వయోపరిమితి లేదు. రాష్ట్రాల నిబంధనలు వేరు, మీ శాఖలో జీవో అడగండి.

వైకల్య సర్టిఫికెట్‌కు ఐసా పరీక్ష, అంటే ఆటిజం తీవ్రతను మార్కుల్లో కొలిచేది. 40 అంశాలు, 70 నుంచి 106 స్వల్పం, 107 నుంచి 153 మధ్యస్థం, ఆపైన తీవ్రం. దీన్ని తయారుచేసింది మన సికింద్రాబాద్ బోయినపల్లిలోని మేధో వైకల్యాల జాతీయ సంస్థే. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండి, పాత పన్ను విధానంలో ఉంటే ఆదాయపు పన్నులో (1961 చట్టంలో సెక్షన్ 80డీడీ) 75,000 మినహాయింపు. 80 శాతం, ఆపైన అయితే 1,25,000. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష వరకు, థెరపీ బిల్లులకూ వర్తిస్తుంది. బిల్లు మీద థెరపిస్టు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ లేకపోతే వెనక్కి రావచ్చు.

విశాఖ అమ్మ

క్లర్క్ గారూ, ఆ 730 రోజులు తండ్రికి ఎందుకు లేవు? ఒంటరి తండ్రి అయితేనే ఇస్తారు. నిబంధనే అమ్మ ఇంట్లో ఉంటుందని అనుకుని రాశారు.

సెక్రటేరియట్ క్లర్క్

అది న్యాయమైన ప్రశ్న అమ్మా. ఒక్కటి మాత్రం తండ్రికీ ఉంది: బిడ్డను ప్రధానంగా చూసుకునేది తానే అయితే మామూలు బదిలీల నుంచి మినహాయింపు. 2014 నాటి కేంద్ర ఉత్తర్వు. వాడుకునేవాళ్లు తక్కువ.

కూకట్‌పల్లి నాన్న

నిద్ర, స్కూలు సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ ప్రైవేటు ఉద్యోగాల్లో ఈ సెలవులేవీ లేవు. అప్పుడు?

హనుమకొండ స్పెషల్ ఎడ్యుకేటర్

అప్పుడు రాజీనామా బదులు మూడు నెలలు జీతం లేని సెలవు అడగండి. మొదటి రోజున డబ్ల్యూహెచ్‌ఓ తయారుచేసిన జీవన నాణ్యత ప్రశ్నావళి తీసుకోండి. 26 ప్రశ్నలు. అమ్మా నాన్నా ఇద్దరూ విడివిడిగా నింపి కవర్లో పెట్టాలి. మూడు నెలల తర్వాత మళ్లీ నింపండి. పిల్లాడి మూడు లక్ష్యాలూ పక్కన పెట్టి చూడండి. వాడు ముందుకెళ్లి, అమ్మ నిద్ర, స్నేహాలు కిందికి పోయి ఉంటే, తీసేయాల్సింది ఉద్యోగమా లేక వారంలో రెండు సెషన్లా అన్నది అప్పుడు మాట్లాడుకోవచ్చు. ఈలోగా నాన్నకు సాయం కాదు, పని అప్పగించండి. స్నానం, పడక పూర్తిగా ఆయనవి. అమ్మ ఆ గదిలోకి రాకూడదు.

బెజవాడ ఓటీ

నాయనమ్మకో అమ్మమ్మకో రెండు గంటలు అప్పగించేలా ఒక కాగితం రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఏం తింటాడు, ఏ శబ్దానికి చెవులు మూసుకుంటాడు, ఏడిస్తే ముందు ఏం చేయాలి (దీపం తగ్గించి, మాటలు ఆపి, పక్కన కూర్చోవడం), ఏం చేయకూడదు (ఫోన్ ఇవ్వడం, నలుగురూ చుట్టుముట్టడం). మొదటి రెండుసార్లు అమ్మ పక్క గదిలోనే ఉండాలి. మూడోసారి బయటికి వెళ్లాలి, అరగంటే అయినా సరే.