డయాలసిస్ మీద ఉన్నవాళ్లని వికలాంగులుగా గుర్తించాలా, వద్దా?

కవిటివాసి:
మాది ఉద్దానం. మా అన్నయ్యకి 42 ఏళ్లు, ప్రభుత్వాఫీసులో అటెండరు. వారానికి మూడుసార్లు డయాలసిస్. మిషన్ మీద నాలుగు గంటలు, రానూపోనూ కలిపితే రోజంతా పోయినట్టే. ఎడమ చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాల్ని కలిపిన చోటు) ఉంది, వేలు ఆనిస్తే లోపల జుయ్యిమంటుంది. ఆ చేత్తో బరువెత్తకూడదు, బీపీ పట్టీ కూడా కట్టనివ్వకూడదు. ఆఫీసులోనేమో ఫైళ్ల కట్టలు పై అంతస్తుకి మోయాలి. వైకల్యం సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపుకి తీసుకెళ్తే "కాళ్లూ చేతులూ బానే ఉన్నాయి కదయ్యా" అని పంపేశారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు. కిడ్నీ ఊసే లేదు. మీరేమంటారు?

లెక్కలమాస్టారు:
మీ అన్నయ్య సంగతి చదివితే బాధగా ఉంది బాబూ. అయినా వద్దనే అంటాను. నాకు రెండో ఏట పోలియో వచ్చింది, కాలిపర్ వేసుకునే బడికెళ్లాను. 1995 చట్టంలో 7 రకాలుండేవి, ఇప్పుడు 21. ఉద్యోగాల్లో మాకున్న రిజర్వేషన్ 4 శాతం, అందులో నాలాంటి కదలికల వైకల్యం వాళ్లకి 1 శాతం. అందులోనే మరుగుజ్జులు, యాసిడ్ బాధితులు, కుష్ఠు నయమైనవాళ్లు. రేపు షుగరు, బీపీ అంటూ ఊరంతా వస్తే మేం ఎక్కడికి పోవాలి?

సీతాఫలం:
ఆంధ్రాలో డయాలసిస్ వాళ్లకి నెలకి 10,000 పింఛను ఇస్తున్నారు, వికలాంగులకి 6,000. సర్టిఫికెట్ తెచ్చుకుంటే లాభమా నష్టమా? 😀

బర్మింగ్‌హామ్ బుల్లోడు:
ఇక్కడ బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టంలో జబ్బుల జాబితా కన్నా ప్రభావాన్నే ఎక్కువ చూస్తారు. ఏడాదికి పైగా రోజువారీ పనులకి గట్టిగా అడ్డుపడుతోందా, లేదా అని. క్యాన్సర్ అయితే బయటపడ్డ రోజునుంచే వర్తిస్తుంది. ఇంకో మెలిక ఉంది. మందు వల్ల తగ్గినదాన్ని లెక్కలోకి తీసుకోరు. ఇన్సులిన్ ఆపేస్తే మనిషి ఎలా ఉంటాడో అలా చూస్తారు. ఆ లెక్కన మిషన్ ఆపేస్తే మీ అన్నయ్య ఎన్నాళ్లుంటారు?

కవిటివాసి:
@సీతాఫలం, పింఛను చాలామంది ఇళ్లు నిలబెడుతోంది, కాదనను. కానీ అన్నయ్యకి కావాల్సింది ఉన్న ఉద్యోగం నిలవడం. సెలవులు అయిపోయాయి, జీతం కోత మొదలైంది.

మాస్టారూ, మీ భయం అర్థమైంది. కానీ జాబితాలో పేరుంటే రిజర్వేషన్ దానంతటదే రాదు. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ 21లో ఉన్నాయి, ఉద్యోగాల కోటాలో లేవు. అలాగే మాకూ కోటా వద్దు. అదే చట్టంలో 20వ సెక్షన్ చూడండి. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వోద్యోగిని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చెయ్యలేకపోతే అదే జీతంతో వేరే పోస్టులోకి మార్చాలి. మాకు కావాల్సింది అదొక్కటే. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అరుగు మీదే పడుకుంటున్నాడు. అలాంటి మనిషికి వైకల్యం లేదంటే ఎలా?

ఒక్క మాట అడుగుతాను. షుగరు ముదిరి కాలు తీసేస్తే సర్టిఫికెట్ ఇస్తున్నారు కదా. కాలు పోయేదాకా ఆగాలా?

లెక్కలమాస్టారు:
20వ సెక్షన్ అంటే వేరే సంగతి, దాంతో నాకు పేచీ లేదు. కానీ కాలైతే కొలుస్తారు, నీరసాన్ని దేంతో కొలుస్తారు? డయాలసిస్ అయిన రోజు లేవలేని మనిషి మర్నాడు బజారుకెళ్తాడు. క్యాంపు డాక్టరు ఏ రోజు చూడాలి? దొంగ సర్టిఫికెట్ల వాళ్లు సందు దొరికితే చాలనుకుంటారు, ఆ మచ్చ మళ్లీ మాకే అంటుతుంది.

కవిటివాసి:
డయాలసిస్‌కి దొంగ సాక్ష్యం పుట్టదు మాస్టారూ. ప్రతి సెషనూ ఆసుపత్రి రికార్డుల్లో ఉంటుంది. నీరసాన్ని కొలవక్కర్లేదు, పోయిన రోజుల్ని లెక్కపెడితే చాలు.

లెక్కలమాస్టారు:
ఆ మాట బాగుంది. 20వ సెక్షన్‌లో "వైకల్యం" అనే ఉంది, రిజర్వేషన్‌కి అడిగినట్టు 40 శాతం వైకల్యం ఉండాలని లేదు. మీ అన్నయ్య ఆఫీసు వాళ్లు పని మార్చడం కుదరదంటూ కాగితం ఏదైనా ఇచ్చి ఉంటే ఫోటో తీసి, పేర్లు చెరిపి పెట్టు. అర్జీ నేను రాసిస్తాను. అందులో రిజర్వేషన్ మాట మాత్రం ఎత్తకు.