అమెరికా చేజారకపోతే ఇంగ్లీషువాడు మన జోలికి వచ్చేవాడు కాదా?

కోరంగి కుర్రాడు: 1783లో అమెరికా పోయింది కాబట్టే ఇంగ్లీషువాళ్లు ఇండియా మీద పడ్డారని మా ఫ్రెండ్ వాదన. నిజమేనంటారా?

పాత పటం: తేదీలు ఒప్పుకోవండీ. ప్లాసీ 1757. విజయనగరం రాజు సాయంతో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లను ఓడించింది 1758లో, బందరు కోట పట్టింది 1759లో. బెంగాల్‌లో పన్నులు వసూలు చేసుకునే హక్కు (దివానీ) 1765, ఉత్తర సర్కార్ల (మన కోస్తా జిల్లాల) మీద నిజాంతో ఒప్పందం 1766. అమెరికాలో తిరగబడ్డవాళ్లు బోస్టన్ రేవులో టీ పెట్టెలను నీళ్లపాలు చేసేసరికి (1773) గుంటూరు తప్ప సర్కార్లన్నీ ఈస్టిండియా కంపెనీవే. ఆ టీ కూడా కంపెనీదే! 1770 కరువుకు బెంగాల్ ఎండిపోయి, అప్పుల్లో మునిగిన కంపెనీని గట్టెక్కించడానికేగా ఆ టీని అమెరికాలో చవగ్గా అమ్ముకోనిచ్చే చట్టం చేసింది? ఇక్కడి దోపిడీ సెగే అక్కడ తగిలింది.

శ్రీరంగపట్నం: అంత తేలిగ్గా కొట్టేయకండి పటంగారూ. 1778లో ఫ్రాన్స్ అమెరికా పక్షాన దిగింది కాబట్టే ఇంగ్లీషువాళ్లు పుదుచ్చేరి, మరుసటేడు మాహే పట్టుకున్నారు. మైసూరు పాలకుడు హైదర్ అలీకి సరుకు దిగే రేవు మాహే. 1780లో ఆయన యుద్ధానికి దిగడానికి అదొక ముఖ్య కారణం. ఇక యార్క్‌టౌన్‌లో అమెరికన్లకు లొంగిపోయిన ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిసే 1792లో హైదర్ కొడుకు టిప్పు దగ్గర సగం రాజ్యం లాక్కున్నాడు.

పాత పటం: కార్న్‌వాలిస్ రాకపోతే ఇంకొకడు వచ్చేవాడు. ఆస్ట్రేలియా సంగతి మాత్రం వేరు. ఖైదీలను వర్జీనియా, మేరీలాండ్‌లకు పంపే దారి మూసుకుపోయాకే 1788లో సిడ్నీ తీరంలో దింపారు.

కోరంగి కుర్రాడు: సరే, ఇంకో డౌటు. 1833లో బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దు చేసినప్పుడు యజమానులకు 2 కోట్ల పౌండ్లు ఇచ్చారు. విడుదలైంది 8 లక్షల మంది. అమెరికాలో బానిసలు అప్పటికి 20 లక్షలు దాటారు. వాళ్లూ సామ్రాజ్యంలోనే ఉంటే అంత డబ్బెవడిచ్చేవాడు? రద్దు వాయిదా పడేది. విడుదలైన బానిసల బదులు మారిషస్ చెరకుతోటలకు మా కోరంగి రేవు నుంచి కూలీలను ఎక్కించే అవసరమూ అప్పుడే వచ్చేది కాదు.

శ్రీరంగపట్నం: డబ్బొక్కటేనా? ఇంగ్లండులోని లాంకషైర్ బట్టల మిల్లులకు పత్తి ఎక్కువగా పోయేది అమెరికా బానిసల తోటల నుంచే. మిల్లు యజమానులూ, తోటల యజమానులూ ఒకే పార్లమెంటు మీద ఒత్తిడి తెస్తే 1833లో ఆ బిల్లు గట్టెక్కేదే కాదు.

పాత పటం: ఇది ఒప్పుకుంటాను. మీ ఫ్రెండుకి ఇండియా వదిలేసి ఈ ముక్క మీద వాదించమనండి.