చెరువు నిండి మత్తడి పోస్తుంటే బోటింగ్ ఎందుకు ఆపుతారు?

ప్రశ్న: హనుమకొండ వాసి

వచ్చే ఆదివారం అమ్మానాన్నలను, పిల్లలను తీసుకొని ములుగు జిల్లాలోని లక్నవరం చెరువుకు వెళ్లాలని అనుకున్నాము. కరీంనగర్ నుంచి అక్కావాళ్లు కూడా వస్తామన్నారు. నాలుగు రోజులు ముసురు పట్టి కురిసిన వాన మొన్న తెరిపిచ్చింది, రెండు రోజులుగా ఎండ కూడా బాగానే కాస్తోంది. చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకుతున్న ఫోటోను పత్రికలో చూసినప్పటి నుంచి పిల్లలు కాలు నిలవనీయడం లేదు. తీరా ఫోన్ చేసి అడిగితే బోటింగ్ ఆపేశామని, ఎప్పుడు మొదలుపెడతామో ఇప్పుడే చెప్పలేమని అన్నారు.

ఎండాకాలంలో నీళ్లు అడుగంటి పడవ బురదకు తగులుతుందని ఆపితే అర్థం చేసుకోవచ్చు. నిండు చెరువులో లోతు పెరగడం వల్ల పడవకు వచ్చే ఇబ్బంది ఏమిటో నాకు తెలియడం లేదు. ఈత రాని వాడికి పదడుగులైనా ముప్పై అడుగులైనా ఒకటే కదా అని మా నాన్నగారు అంటున్నారు, దానికి నా దగ్గర జవాబు లేదు. నిరుడు ఇదే కాలంలో ఉమ్మడి జిల్లాలోని మరో చెరువు దగ్గర టికెట్లు కొని గంటన్నర వరుసలో నిలబడ్డాక మా ముందున్న వాళ్లతోనే ఆపేశారు. డబ్బులు అడిగితే ఇంకో రోజు రమ్మన్నారు, ఆ ఇంకో రోజు మాకు కుదరలేదు. అందువల్ల బోటింగ్ ఆపడానికి అసలు కారణం ఏమిటో, వాన వెలిసిన తరువాత ఎన్ని రోజులు ఆగవలసి ఉంటుందో తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: విశ్రాంత నీటిపారుదల ఉద్యోగి

మీ నాన్నగారు అన్నదాంట్లో తప్పు లేదు, లోతు పెరగడం వల్ల పడవకు కొత్తగా వచ్చే ముప్పు ఏమీ ఉండదు. అయితే మత్తడి పడిన గడియ నుంచి ఆ చెరువులో నీళ్లు నిలకడగా ఉండవు. ఒక పక్క వాగులు వచ్చి కలుస్తుంటాయి, ఇంకో పక్క మత్తడి దుంకుతుంటుంది, మధ్యలో ఉన్నదంతా నెమ్మదిగా మత్తడి వైపు నడుస్తుంటుంది. కట్ట మీద నిలబడి చూసే వారికి ఈ నడక కనిపించదు.

లక్నవరం, రామప్ప, పాకాల మూడూ కాకతీయుల నాటి చెరువులే. గుట్టకూ గుట్టకూ మధ్య ఉన్న సందును మట్టి కట్టతో మూసి నీరు నిలిపారు, లక్నవరంలో అయితే అలాంటి ఇరుకు లోయలు మూడింటిని మూశారు. ఇలాంటి చెరువులో మిగులు నీటికి ఉన్న దారి మత్తడి. పెద్ద ప్రాజెక్టుల్లో వరద వస్తుందని తెలిస్తే ముందే గేట్లు ఎత్తి మట్టం దించుకుంటారు. మత్తడి అంటే ఒక ఎత్తు వరకు కట్టి వదిలేసిన గోడ కాబట్టి దానికి ఆ సౌకర్యం లేదు. తూములు పొలాలకు నీరందించడానికి పెట్టినవి, వరదను మోసే శక్తి వాటికి ఉండదు. కాబట్టి వచ్చే నీరు తగ్గేదాకా చెరువు గోడ మీదుగా పోస్తూ ఉండవలసిందే.

మత్తడి మీద అడుగు మందాన నీరు పారుతున్నదనుకోండి. గోడ పొడవులో ఒక్కొక్క మీటరు మీదుగా సెకనుకు సుమారు 280 లీటర్లు పోతాయి. ఆ మందం రెండడుగులైతే పోయే నీరు రెండింతలు అవుతుందని చాలామంది అనుకుంటారు కాని, నిజానికి అది 2.8 రెట్లు, అంటే ఇంచుమించు 800 లీటర్లు అవుతుంది. మట్టం ఒక్క అడుగు పెరిగితే లాగే బలం ఇంతగా పెరుగుతుంది కాబట్టే, నిన్న మత్తడికి వంద గజాల దూరంలో సురక్షితంగా తిరిగిన పడవ ఈ రోజు అక్కడే తిరగకూడదు. ఇంజన్ నడుస్తున్నంత సేపు పర్వాలేదు. అది ఆగిన తరువాత ఒక తెడ్డు, రెండు చేతులు ఆ లాగుడుకు చాలవు. లైఫ్ జాకెట్ ఉంది కదా అని కూడా అనుకోవద్దు. మత్తడి దుంకిన నీరు కింద పడిన చోట తిరిగి గోడ వైపే మళ్లుతూ సుడి తిరుగుతుంది, అందులో పడిన మనిషిని జాకెట్ ఉన్నా పైకి రానీయదు.

ఇక ఎండ కాస్తున్నా ఎందుకు ఆపారన్న దానికి జవాబు అడవిలో ఉంది. ఈ చెరువులకు నీరు వచ్చేది చాలావరకు అడవి నుంచి. ఆకులు, గడ్డి, మెత్తని నేల ముందు నీటిని పట్టుకొని తరువాత మెల్లగా వదులుతాయి కాబట్టి మన దగ్గర వాన వెలిసినా వాగులు వెంటనే తగ్గవు. నూరు చదరపు కిలోమీటర్ల పరీవాహకం మీద పది సెంటీమీటర్ల వాన పడితే అది కోటి ఘనపు మీటర్ల నీరు, ఒక టీఎంసీలో (అంటే వంద కోట్ల ఘనపుటడుగుల్లో) మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ. నేల అప్పటికే నానిపోయి ఉంటే అందులో పెద్ద భాగం చెరువుకే చేరుతుంది. 2023 జూలై 27 ఉదయంతో ముగిసిన ఇరవై నాలుగు గంటల్లో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. రామప్ప చెరువు కూడా ఆ మండలంలోనిదే. ఆ లెక్కన ఒక్క చదరపు కిలోమీటరు మీద ఆరున్నర లక్షల ఘనపు మీటర్ల నీరు పడినట్టు. ఆ నెలాఖరులోనే వరంగల్ భద్రకాళి చెరువు కట్టకు గండి పడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి రోజుల్లో చెరువు దగ్గర ఉన్న సిబ్బంది కన్ను కట్ట మీద ఉండాలి కాని టికెట్ల మీద కాదు.

ఇన్ని రోజులని లెక్క చెప్పడం కుదరదు. మత్తడి మీద నీటి మందం రోజు రోజుకు తగ్గుతున్నదా లేదా అన్నది అడగండి. బోటింగ్ ఉందా అని అడగడం కన్నా అది మేలు.

జవాబు: నర్సంపేట వైపు నుంచి

మాది చేపలు పట్టే కుటుంబం, నేను ఇప్పుడు వేరే ఉద్యోగంలో ఉన్నాను. పైవారు చెప్పిన నీటి లాగుడుకు తోడు, కంటికి కనిపించని ఇంకో ముప్పు ఉంది. చెరువు నిండినప్పుడు నీరు శిఖంలోకి, అంటే మామూలుగా ఎండి ఉండే చెరువు అంచు భూమిలోకి ఎక్కుతుంది. ఎండాకాలం అంతా అక్కడ పెరిగిన తుమ్మచెట్లు, మోదుగలు, ఎవరో కొట్టి వదిలేసిన మొద్దులు నీటి కింద జానెడు లోతులో ఉండిపోతాయి. నీళ్లు తేటగా ఉంటే పైనుంచి నీడలా కనిపిస్తాయి. కొత్త నీరు ఎర్రగా, చిక్కగా వస్తుంది కాబట్టి తెడ్డు తగిలేదాకా ఏమీ తెలియదు. మా బాపు తెప్ప మీద వెళ్లేటప్పుడు ముందు వెదురు గడతో పొడిచి చూసి, గడ దిగితేనే ముందుకు కదిలేవాడు. థర్మాకోల్ తెప్ప తుమ్మకొమ్మకు తగిలితే ముక్క ఊడిపోతుంది, అంతకు మించి ఏమీ కాదు. ఇరవై మంది ఎక్కిన పడవ వేగంగా పోతూ మొద్దుకు తగిలితే సంగతి వేరు.

కొట్టుకొచ్చే చెత్త గురించి కూడా చెప్పాలి. మొదటి వరదలో ఎండు కొమ్మలు, గడ్డి దుబ్బులు, వాటి మీద ఎక్కి కూర్చున్న పాములు చెరువులోకి వస్తాయి. గాలి ఎటు కొడితే ఆ ఒడ్డుకు చేరి, రెండు మూడు రోజుల తరువాత అడుగుకు పోయేవి పోతాయి, మిగిలినవి ఒడ్డున ఆగుతాయి. నీరు తేరుకొని రంగు మారేదాకా మా వాళ్లు పెద్ద వలలు కూడా వేసేవారు కాదు.

జవాబు: నాలుగేళ్లు బోటు నడిపినవాడు

నేను పని చేసిన చెరువు పేరు చెప్పను, ఇప్పుడు అక్కడ లేను. అక్కడ మేము మొదట చూసేది జెట్టీని, అంటే బోటు ఎక్కడానికి నీటి మీద తేలుతూ ఉండే వేదికను. ఒడ్డు నుంచి జెట్టీకి వేసిన ఇనుప పలక మామూలు రోజుల్లో కిందికి వాలి ఉంటుంది. నీరు నాలుగడుగులు ఎక్కితే అదే పలక ఒడ్డు కన్నా పైకి లేచి ఎదురు వాలుగా నిలబడుతుంది, తడిసి పాకుడు పట్టి ఉంటుంది. నేను ఉన్నంత కాలంలో నీటి మధ్యలో ఎవరికీ ఏమీ కాలేదు కాని, ఆ పలక మీద జారి మోకాళ్లు పగిలినవాళ్లను, ఒకసారి చేయి విరిగిన పెద్దామెను చూశాను. జెట్టీని కట్టిన తాళ్లు కూడా పెరిగిన మట్టానికి తగ్గట్టు వదలకపోతే ఒక పక్కకు ఒరుగుతుంది. మీ అమ్మానాన్నలు వస్తున్నారు కాబట్టి బోటు కన్నా ముందు ఆ పలకను చూడండి.

రెండోది ఇంజన్ పంకా. గుర్రపు డెక్క, ప్లాస్టిక్ సంచులు, తెగిన వలలు దానికి చుట్టుకుంటే ఇంజన్ ఆగుతుంది. మామూలు రోజుల్లో అది పది నిమిషాల పని, పంకా పైకెత్తి కత్తితో కోసి మళ్లీ నడుపుతాము. మత్తడి పోస్తున్నప్పుడు ఆ పది నిమిషాలు మన చేతిలో ఉండవు. మీకు జరిగినట్టు టికెట్లు అమ్మాక ఆపడం మాత్రం తప్పే, డబ్బులు తిరిగి ఇవ్వవలసింది. అయితే మధ్యాహ్నం గుట్టల వెనక మబ్బు కమ్మి గాలి లేస్తే, వరుసలో ఎంతమంది ఉన్నా ఆపక తప్పదు.

తిరిగి అడిగినది: హనుమకొండ వాసి

ఇంత వివరంగా రాసిన అందరికీ ధన్యవాదాలు. లక్నవరం కుదరకపోతే భద్రాచలం వెళ్లి గోదావరిలో పాపికొండల బోటు ఎక్కుదామని అక్క అంటోంది. అక్కడ వారం రోజులుగా వాన లేదట. ఆ ఆలోచన ఎలా ఉంటుంది?

జవాబు: విశ్రాంత నీటిపారుదల ఉద్యోగి

గోదావరికి భద్రాచలంలో వాన పడనవసరం లేదు. మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో పడిన వాన ప్రాణహిత, ఇంద్రావతి మీదుగా రోజుల తరువాత అక్కడికి చేరుతుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. 2022 జూలైలో అది 71 అడుగులు దాటింది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పాపికొండల యాత్ర పడవ మునిగి పదుల సంఖ్యలో జనం పోయినప్పుడు కూడా నదిలో వరద పారుతూనే ఉంది. మట్టం తగ్గుముఖం పట్టిందని, బోట్లకు అనుమతి ఇచ్చారని రెండూ నిర్ధారించుకున్నాకే బయలుదేరండి. లక్నవరం వెళ్లినా, గోదావరి వెళ్లినా దారిలోని వాగుల మీద లోలెవల్ వంతెనల సంగతి ముందు కనుక్కోండి, వాటి మీదుగా నీరు పారుతుంటే బండి దింపవద్దు.

హనుమకొండ వాసి

ఈ ఉదయం మళ్లీ ఫోన్ చేశాను. మీరు చెప్పినట్టు మత్తడి మీద నీరు ఎంత ఉందని అడిగాను. నిన్నటి కన్నా తగ్గింది కాని ఇంకా మోకాలి లోతు పారుతోందని, బోట్లు ఒడ్డునే కట్టేసి ఉన్నాయని చెప్పారు. బోటు ప్రయాణాన్ని పక్షం రోజులు వాయిదా వేశాము. ఈ ఆదివారం రామప్ప గుడి చూసి, కట్ట మీదికి వెళ్లి వస్తాము. మీ జవాబులన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. లోతు గురించి తాను అన్నది తప్పని ఎవరూ అనలేదని ఆయన ఒకటికి రెండుసార్లు గుర్తు చేసి, మత్తడి కింద చేపలు ఎదురెక్కుతుంటాయి, పిల్లలకు దూరం నుంచి చూపిస్తానని అన్నారు.